మూడొద్దుల నాటి రక్తం

మా అక్క కొడుక్కి ముక్కులోంచి మొదటిసారి రక్తం కారినప్పుడు మేమంతా ఎండనే తిట్టాం. మా వైపు ముక్కులోంచి రక్తం వస్తే దానికి ఒకటే పేరు, వేడి చేసింది అని. నెత్తిన చెంబెడు చన్నీళ్ళు పోసి, ఉల్లిగడ్డ నలిపి వాసన చూపించి, నాలుగు రోజులు సబ్జా గింజల నీళ్ళు తాగిస్తారు. అక్క అవన్నీ చేసింది. నేను సూర్యాపేటలో హైస్కూలు జీవశాస్త్రం మాస్టర్ని. ఏటా పదో తరగతికి గుండె బొమ్మ గీసి, ధమనులకు ఎర్ర సుద్దముక్క, సిరలకు నీలం సుద్దముక్క వాడి రక్తప్రసరణ చెప్పేవాణ్ణి. నేను కూడా ఫోన్లో అదే అన్నాను, మాంసం తగ్గించండి, వేడి తగ్గుతుంది అని. పెద్ద తెలిసినవాణ్ణి కదా.

అక్కవాళ్ళది కోదాడ దగ్గర, అనంతగిరి వైపు ఒక ఊరు. బావకు గొర్రెల మంద ఉంది. ఒక్కడే కొడుకు. పదిహేనేళ్ళకే నాకంటే పొడుగు పెరిగాడు. నన్ను ఏడిపించడం వాడికి మహా సరదా. నేను గొర్రెల మధ్యే పుట్టి పెరిగి, ఉద్యోగం వచ్చాక ఒక గొర్రెను ఇంకో గొర్రె నుంచి గుర్తుపట్టలేకపోతున్నానని ఊరంతా చెప్పేవాడు. వాడు మాత్రం మందలో ప్రతిదాన్నీ మొహం చూసి చెప్పేవాడు.

రక్తం మళ్ళీ మళ్ళీ వచ్చింది. ఎడమ ముక్కు పూర్తిగా మూసుకుపోయింది. నోరు తెరుచుకుని పడుకునేవాడు. మాట ముక్కులోంచి వస్తోందని బళ్ళో పిల్లలు వెక్కిరించేవాళ్ళు. ఒకరోజు పొయ్యి మీద కూర మాడిపోతుంటే పక్కనే కూర్చుని పుస్తకం చదువుతున్నాడట, వాసన తెలియక. అక్క వాణ్ణి తిట్టి, తర్వాత ఆలోచించి, నాకు ఫోన్ చేసింది. అప్పటికి ఆర్నెల్లు గడిచిపోయాయి.

కోదాడలో ఒక ముక్కు డాక్టరుకు చూపించారు. ఆయన లైటు వేసి చూసి, లోపల కండ పెరిగింది, చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుదాం అన్నాడు. ఆ ముక్క తీయడంతోనే రక్తం చిమ్మి డాక్టరు చొక్కా తడిసింది. ముక్కు నిండా గుడ్డ కుక్కి, అంబులెన్సు ఎక్కించి సూర్యాపేట పంపాడు. ఆయన్ని నేను తప్పు పట్టలేను. ఆయన జన్మలో అలాంటి గడ్డను చూసి ఉండడు. నేనైతే దాని పేరు కూడా వినలేదు.

స్కానింగు చేశాక పట్నం పెద్ద దవాఖానకు వెళ్ళమన్నారు. అక్కడి సర్జను నన్ను కూర్చోబెట్టి చెప్పాడు. నేను మాస్టర్నని తెలిసి కాగితం మీద బొమ్మ కూడా గీశాడు. ముక్కు వెనకాల, గొంతు పైభాగాన పుట్టే గడ్డ అది. కేన్సర్ కాదు. ఈడొచ్చే మగపిల్లలకే వస్తుంది. కానీ గడ్డంతా రక్తనాళాలే. మామూలు రక్తనాళం తెగితే దాని గోడలోని కండరం ముడుచుకుని రక్తాన్ని ఆపుతుంది. ఈ గడ్డ నాళాలకు ఆ కండరం ఉండదు, అందుకే కారడమే తప్ప ఆగడం తెలియదు. వాడి గడ్డ ఎడమవైపు పుట్టి, వెనకనుంచి కుడివైపుకు పాకి, కుడి కంటి వెనక్కి చేరింది. మెడలోంచి పైకి వెళ్ళే ధమని కొమ్మ ఒకటి దానికి రక్తం పోస్తోంది. ముందు తొడ దగ్గర సన్నటి గొట్టం ఎక్కించి, ఆ కొమ్మలోకి ఇసుకంత రవ్వలు పంపి మూసేస్తారు. దాన్ని ఎంబొలైజేషన్ అంటారు. మూసిన రెండు రోజుల్లోపు ఆపరేషన్ అయిపోవాలి. ఆలస్యమైతే గడ్డ వేరే నాళాల నుంచి రక్తం లాగడం మొదలుపెడుతుంది, అవి మెదడుకు పోయే నాళాలు, వాటిని మూయడానికి వీల్లేదు అన్నాడు. రెండు రోజులు అన్న మాట కింద రెండు గీతలు కూడా గీశాడు. నేను తలూపాను. అంత బాగా అర్థమైంది నాకు. ఇదంతా అర్థంకాని మనిషిని అయ్యుంటే బాగుండేదని తర్వాత చాలాసార్లు అనుకున్నాను.

రక్తం విషయంలోనే చిక్కు వచ్చింది. మేనల్లుడిది ఓ నెగెటివ్. దవాఖానలో రెండు సీసాలే ఉన్నాయి. ఇంకో మూడైనా చేతిలో లేకపోతే వాడి మీద కత్తి పెట్టనన్నాడు సర్జను. అక్కా బావలది ఆ గ్రూపు కాదు. బావ చిన్నాయన కొడుకులు ముగ్గురున్నారు. ఆ చిన్నాయన పిల్లనిచ్చిన ఊళ్ళోనే స్థిరపడ్డాడు, మిర్యాలగూడ అవతల త్రిపురారం దగ్గర. వరి కోసేసిన మళ్ళల్లో గొర్రెలు మేపుకుంటారు. నేనే వెళ్ళి ముగ్గురినీ మిర్యాలగూడ ల్యాబుకు తీసుకెళ్ళి పరీక్ష చేయించాను. ఎలా కుదిరిందో, ముగ్గురిదీ అదే గ్రూపు. నా సంతోషం అంతా ఇంతా కాదు. పట్నం దవాఖానలో ఒక నర్సమ్మ రక్తదాతల ఫోన్ నంబర్లున్న చీటీ ఇవ్వబోతే అక్కర్లేదమ్మా, మా ఇంటి రక్తమే ఉంది అన్నాను. చీటీ చేతిలోకి కూడా తీసుకోలేదు. ఆ పొగరు తలచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది.

మంగళవారం నాళం మూయడం, గురువారం పొద్దున ఆపరేషన్ అని రోజులు ఖాయమయ్యాయి. సోమవారం పొద్దున ఆ చిన్నాయన చనిపోయాడు. బాయి దగ్గర కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడట.

అక్కా బావా దవాఖానలో ఉన్నారు కాబట్టి వాళ్ళ తరఫున నేను వెళ్ళాను. దహనం అయ్యాక పెద్దమనుషులు మొదలుపెట్టారు. పిల్లవాడిది కూడా మా ఇంటి పేరే, మైల వాడికీ ఉంటుంది, పదకొండు రోజులు కానిచ్చి ఆపరేషన్ పెట్టుకోండి అని. నాకు తిక్క రేగింది. నాళం మూయడానికి వచ్చే డాక్టరు పదిహేను రోజులకోసారి వస్తాడు, రేపటి రోజు పోతే మళ్ళీ దొరకడు, పిల్లవాడు నిన్న కూడా గిన్నెడు రక్తం కక్కాడు, మీ మైల మీ దగ్గరే పెట్టుకోండి అని కాటి దగ్గరే నిలబడి అరిచాను. అందరూ చూస్తుండిపోయారు. వాళ్ళలో పెద్దాయన నెమ్మదిగా అన్నాడు.

"పిల్లనిచ్చినోళ్ళు వచ్చి మాకు సావు సంగతులు నేర్పుతరా?"

కొడుకులే నన్ను పక్కకు తీసుకెళ్ళి సముదాయించారు. ఆపరేషన్ ఆగదు, రక్తం మేమిస్తాం అన్నారు. కాకపోతే మూడొద్దులదాకా, అంటే మూడోనాటి కర్మ అయ్యేదాకా, ఊరి పొలిమేర దాటకూడదు. బుధవారం పిట్టకు పెట్టి, అటునుంచి అటే సూర్యాపేట వచ్చి, అక్కడి రక్తనిధిలో ఇస్తాం, నువ్వు పట్నం పట్టుకుపో అన్నారు. అది జరిగే పనే. దవాఖానకు ఫోన్ చేసి, మంగళవారం నాళం మూసేయండి, బుధవారం సాయంత్రానికి రక్తం పంపే పూచీ నాది అని చెప్పాను. వాళ్ళు మూసేశారు. అల్లుడు ఫోన్లో మాట్లాడాడు. తొడ దగ్గర చీమ కుట్టినట్టుంది, అంతే అన్నాడు. ముక్కులోంచి రక్తం ఆగిందట.

బుధవారం మళ్ళీ త్రిపురారం వెళ్ళాను, ముగ్గురినీ కారులో తీసుకురావడానికి. కాలువ గట్టు మీద, దహనం చేసిన చోటికి దగ్గర్లో విస్తరి వేశారు. చనిపోయినాయనకు ఇష్టమైనవన్నీ వండారు, యాటకూర, బోటి, జొన్నరొట్టె. పక్కన గ్లాసులో మందు. పిట్ట ముడితేనే ఇంటివాళ్ళు తినాలి. కాకి రాలేదు. గంట గడిచింది, రెండు గంటలు గడిచాయి. ఎండ నెత్తికెక్కింది. పోయినాయనకు ఏదో మనసులో ఉండిపోయిందని ఆడవాళ్ళు ఏడ్చారు. ఎవరో నావైపు చూసి, కాటికాడ లొల్లి చేస్తే ఇట్లనే అయితది అన్నారు. నేను తల దించుకున్నాను.

మధ్యాహ్నం దాటాక ఎక్కడినుంచో ఒక కాకి వచ్చి బోటి ముక్క ఎత్తుకుపోయింది. అందరి ప్రాణాలూ లేచి వచ్చాయి. చనిపోయినాయన అక్క, ముసలావిడ, సీసాలో మిగిలిన మందును మూడు గ్లాసుల్లో పోసి కొడుకుల ముందు పెట్టింది.

"తీస్కోండ్రి బిడ్డా, మీ అయ్య పంపిండు."

నా చొక్కా జేబులో కాగితం ఉంది. రక్తం ఇచ్చేవాళ్ళు పాటించాల్సినవి అని రక్తనిధివాళ్ళు ఇచ్చారు. పొద్దున బయల్దేరేముందు రెండుసార్లు చదివాను. ముందు ఇరవై నాలుగు గంటల్లో మందు గానీ కల్లు గానీ తాగి ఉండకూడదు అని మూడో వరుసలో ఉంది. నేను చెప్పాల్సింది ఒక్క మాట. వద్దు పెద్దమ్మా, వీళ్ళు రక్తం ఇవ్వాలి అని. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. సోమవారం పెద్దాయన అన్న మాట గుర్తొచ్చింది. ఆయన అక్కడే కూర్చుని నన్నే చూస్తున్నాడు. తండ్రి పంపిన గ్లాసును కొడుకుల చేతిలోంచి నేను తీసేస్తే ఇక ఈ ఇంటికీ మా ఇంటికీ రాకపోకలుంటాయా, అక్క వీళ్ళ మధ్య ఎట్లా బతుకుతుంది అనుకున్నాను. ఒక గుక్కకు ఏమవుతుందిలే, ఊరికే పెదవికి ఆనిస్తారు అని కూడా అనుకున్నాను. అన్నీ నిమిషంలో అనుకున్నాను, ఒక్కటీ నోటితో అనలేదు. వాళ్ళు తాగారు. అయిపోగానే ముసలావిడ మళ్ళీ పోసింది. పొద్దుటినుంచి పచ్చిమంచినీళ్ళు కూడా ముట్టని కడుపులు. అది కూడా తాగారు. నేను చూస్తూ నిలబడ్డాను.

సూర్యాపేట రక్తనిధిలో ఉన్న కుర్రవాడు మంచివాడే. బరువు చూశాడు, బీపీ చూశాడు, జ్వరం వచ్చిందా అని అడిగాడు. తర్వాత ముక్కు ఎగబీల్చి, మందు తీసుకున్నారా అని అడిగాడు. నేను లేదనమని కళ్ళతో సైగ చేశాను. అంత దిగజారాను. ముగ్గురిలో పెద్దవాడు నా సైగ చూడలేదో, చూసి కూడా అబద్ధం ఆడలేకపోయాడో తెలియదు.

"తాగినం సారూ. మా నాయిన పేరు మీద తాగినం, మా కోసం గాదు."

కుర్రవాడు కలం మూత పెట్టేశాడు. నేను చేతులు జోడించాను. తాగినవాళ్ళ రక్తం తీసుకోకూడదు సార్, మీరే సైన్సు మాస్టర్లు, మీకు చెప్పాలా అన్నాడు. ఆ ముగ్గురూ ఏం తప్పు జరిగిందో అర్థంకాక నా మొహం చూశారు. అర్థమయ్యాక చిన్నవాడు మెట్ల మీద కూలబడి నెత్తి కొట్టుకున్నాడు. ముందే ఎందుకు చెప్పలేదని నన్ను వాళ్ళు అడగలేదు. నాకూ అప్పటిదాకా తెలియదనే అనుకున్నారు. నేను అలాగే అనుకోనిచ్చాను.

ఫోన్ మీద ఫోన్ చేశాను. నర్సమ్మ నంబర్ల చీటీ అప్పుడు కావలసివచ్చింది, ఆమె డ్యూటీ దిగిపోయింది. పాత విద్యార్థులను అడిగాను, ఒక్కడు దొరికాడు, వాడు పదిరోజుల కిందటే ఎవరికో ఇచ్చాడట. గురువారం ఆపరేషన్ వాయిదా పడింది. ఆ సాయంత్రం ముగ్గురూ మళ్ళీ వచ్చి రక్తం ఇచ్చారు, శుక్రవారం నేను పట్నం చేర్చాను. కానీ ఆ సర్జనుకు థియేటర్ మళ్ళీ దొరికింది సోమవారమే. నాళం మూసి అప్పటికి ఆరు రోజులు.

కాలువ తూము మూసేస్తే నీళ్ళు ఎలుక బొరియల్లోంచి మడిలోకి రావడం నేను చూశాను. లోపల జరిగింది అదే. ఆపరేషన్ ఏడు గంటలు సాగింది. సర్జను బయటికి వచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. బయటి కొమ్మ మూతపడే ఉంది కానీ గడ్డ ఈలోపు మెదడువైపు నాళాల నుంచి రక్తం లాగడం మొదలుపెట్టిందట. తీసేకొద్దీ కారిందట. ఉన్న అయిదు సీసాలూ ఎక్కించారు. ప్రాణం పోయేలా ఉందని కంటి వెనకాల ముక్కను అలాగే వదిలేసి, గుడ్డ కుక్కి, మూసేసి వచ్చారు. గురువారం చేసి ఉంటే అని అడిగాను. చేసి ఉంటే మొత్తం వచ్చేదని చెప్పలేను, ఇంత రక్తం మాత్రం పోయేది కాదు అన్నాడు. ఆయన పెద్దమనసుతో అన్న మాట అది. నాకు కావలసింది అది కాదు. నన్ను ఎవరైనా నాలుగు తిడితే బాగుండనిపించింది.

కట్టు విప్పాక కుడికన్ను పనిచేయలేదు.

మిగిలిన ముక్క పెరగడం మొదలుపెట్టింది. రేడియేషన్ ఇచ్చారు, పెరగడం ఆగలేదు. ఇంకో రెండు దవాఖానల్లో చూపించాం. స్కానింగు చూసి, అక్కడికి మళ్ళీ వెళ్తే బల్ల మీదే పోతాడు అన్నారు. ఈడు దాటితే ఒక్కొక్కరికి దానంతటదే కుదించుకుపోతుందని ఒకాయన అన్నాడు. ఈ పిల్లవాడికి అవుతుందా అని అక్క అడిగితే ఆయన ఫైలు మూసి ఇచ్చేశాడు. అక్కకు ఆ ఒక్క మాటే మిగిలింది. ప్రతి పుట్టినరోజుకూ ఇంకో ఏడు దాటిందని లెక్క చెబుతుంది. నేను సరే సరే అంటాను.

ఆ ముగ్గురు అన్నదమ్ములు మందు మానేశారు. పండక్కి లేదు, పెళ్ళికి లేదు. పెద్దవాడు నెలకోసారి ఫోన్ చేస్తాడు. మేం ముట్టుకుంటలేం బావా, పోరనికి మళ్ళ ఆపరేషన్ ఎప్పుడు, ఎన్నడు రమ్మంటవ్ అని అడుగుతాడు. చెబుతాలే అంటాను. ఇక ఆ రక్తంతో పని లేదని చెప్పే ధైర్యం నాకు రాలేదు. వాడి కొడుకు పెళ్ళిలో కూడా గ్లాసు ముట్టలేదని విన్నప్పుడు నాకు ఏడుపొచ్చింది.

మొన్న అల్లుణ్ణి కోదాడలో కంటి డాక్టరు దగ్గరకు నేనే తీసుకెళ్ళాను. బావ మందతో వెళ్ళాడు, అక్కకు ఒంట్లో బాగాలేదు. ఎడమకన్నుతో అక్షరాల పట్టిక చదవమన్నారు. పైవరుస నుంచి కిందివరుస దాకా తడబడకుండా చదివాడు. నా గుండె ఒక్కసారి పొంగింది. డాక్టరమ్మ ఏమనుకుందో, లేచి పట్టిక తిప్పి ఇంకోవైపు పెట్టింది. వాడు నోరు తెరవలేదు. పాత పట్టికను పోయిన మూడుసార్లూ ముందువాళ్ళు చదువుతుంటే విని కంఠతా పట్టాడట. అమ్మ వచ్చినప్పుడల్లా అదే అప్పజెప్పేవాడట. ఎడమ కంటి నరం మీద కూడా ఒత్తిడి మొదలైందని, ఇక్కడ చేసేదేమీ లేదని ఆమె నాతో చెప్పింది. వాడికి వినపడేలాగే చెప్పింది.

బస్టాండులో బెంచీ మీద కూర్చున్నాం. వాడికి చెరుకురసం ఇప్పించాను. గ్లాసు వాడి చేతికి అందించి, వేళ్ళు దాని చుట్టూ మూసుకునేదాకా నేను వదల్లేదు. సగం తాగి ఆపాడు. త్రిపురారం చిన్న బాబాయి మొన్న వచ్చి తన ముందు ఏడ్చాడని చెప్పాడు. తర్వాత మామూలుగా, ఏదో పాఠంలో సందేహం అడిగినట్టు అడిగాడు.

"మామా, పిట్టకు పెట్టిననాడు నువ్వు గాడ్నే ఉన్నవంట గద?"

ఉన్నానన్నాను.

"మందు తాగితే రక్తం తీస్కోరని నీకు ఎరుకేనా?"

అబద్ధం ఆడటానికి చాలినంత సమయమే ఇచ్చాడు. మొహం నావైపు తిప్పలేదు, తిప్పినా కనపడేది కాదు. ఎరుకే అన్నాను. పెద్దాయన మాట గురించి, ముసలావిడ గురించి, మొహమాటం గురించి చెప్పబోయి ఆగాను. అవన్నీ వాడి కన్నుకు సమానమయ్యే మాటలు కావు. ఖమ్మం బస్సు వచ్చి, మనుషులు ఎక్కి, వెళ్ళిపోయింది. వాడు మిగిలిన రసం తాగేశాడు. గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలియక చేతిలోనే పట్టుకున్నాడు.

"అమ్మకు చెప్పకు మామా. అమ్మకు తమ్ముడంటే నువ్వొక్కనివే."

చెప్పలేదు. వారానికోసారి వెళ్తాను, నాకు కోడికూర వండుతుంది, నువ్వు లేకపోతే నా కొడుకు ఈమాత్రం కూడా దక్కేవాడు కాదు తమ్మీ అంటుంది. తింటాను. అక్కకు చదువు రాదు. అందుకే ఇదంతా రాయగలిగాను.